ఖాళీ సీటు దండగ బరువు

నాకు యాభై రెండేళ్ళు. ఈ యాభై రెండేళ్ళలో ఎవరూ లేపకుండా చివరిదాకా కూచున్న సీటు నాకొక్కటీ లేదు. బస్సులో కూచుంటే రెండో స్టాపులో ఓ పెద్దాయన ఎక్కుతారు. పెళ్ళిలో ముందు వరసలో కూచుంటే మగపెళ్ళివారు దిగుతారు. నా ఉద్యోగం, కాపురం నరసాపురంలో. మా అక్కగారిల్లు గోదారికి అవతల, రాజోలు దగ్గర. మధ్యలో సఖినేటిపల్లి రేవు. రేవు దాటించే పంటు మీద బల్ల చివర జానెడు చోటు దొరికిందా, సరిగ్గా అది కదిలే వేళకి చంకలో బిడ్డతో ఓ తల్లి, ఆవిడ వెనకాల ఆవిడ తల్లి, ఆవిడ వెనకాల ఆవిడ తల్లి పరిగెత్తుకొస్తారు. నేను లేస్తాను. మా వైపు లేవమని ఎవరూ అనరు. "పర్లేదండి, తవరు కూచోండి. మోకాలే గదండీ, ఆపరేషనయ్యి అప్పుడే నెల దాటిపోయిందండి" అంటారు. ఆ మాట విన్నాక కూడా కూచున్నవాడు మనిషేనా?

అందుకని మా బావగారు విమానం కడుతున్నాననీ, అందులో రెండు సీట్లుంటాయనీ, రెండోది నాదేననీ చెప్పిన రోజున నాకు ఒళ్ళు తెలీలేదు. వశిష్ఠ గోదారి మీదుగా, పంటుకి నిలువునా పైన, కాళ్ళు బారజాపుకుని కూచుని వెళ్తాను. ఆకాశం మధ్యలో నన్ను లేపడానికి ఎవరెక్కుతారు?

ఎక్కేరండీ. ఊరంతా ఎక్కేరు. ఆ కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను, చల్లారితే నేను మళ్ళీ మర్యాదస్తుణ్ణయిపోతాను.

బావగారంటే మా అక్క భర్త. ఎడారి దేశంలో ఇరవయ్యారేళ్ళు గ్యారేజీలో పనిచేసి వచ్చేరు. బోల్టు చేతిలో పెడితే వాసన చూసి దాని గోత్రం చెప్పగలరు. అక్కడి ఆసామి కారు తెచ్చి సాయంత్రానికి కావాలంటే, "కుదరదు, గురువారం రా" అని మొహం మీదే అనేవారట. అంతటి మనిషి రాజోలు బస్టాండులో దిగేసరికి ఆ 'కుదరదు' అనే మాటని ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వచ్చేరు. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" అనడమే. ఈ కథలో దుర్మార్గమంతా ఆ ఆయ్‌లోనే ఉంది.

విమానం కిట్టుగా వచ్చింది. అంటే, మంచాన్ని విప్పి పట్టెలు, కోళ్ళు, మేకులు వేరువేరుగా కట్టి పంపినట్టు, ఓ చిన్న విమానాన్ని విప్పి పెట్టెల్లో పంపుతారు. పుస్తకం చూసి మనమే బిగించుకోవాలి. పెట్టెలు దించిన చోటు ఓ పెద్దాయన కొబ్బరి షెడ్డు. సగం షెడ్డులో ఆయన కాయల రాశి, సగం షెడ్డులో మా విమానం. వలుపు వాళ్ళు అటు కాయల డొక్క తీస్తుంటే ఇటు మేం రివిట్లు కొట్టేవాళ్ళం. పీచు రేగి ఇంజను మీద పడుతుందని బావగారు దానికి మా అక్క పాత పట్టుచీర కప్పేరు. నూలు చీరలు చాలానే ఉండగా పట్టుచీర ఎందుకు కప్పేరన్నది ఆ ఇంట్లో ఇంకా తేలని తగువు.

మూడేళ్ళు, ప్రతి ఆదివారం, నేను పంటు దాటి వెళ్ళి గొట్టం రెండో చివర పట్టుకున్నాను. అల్యూమినియం గొట్టానికి మొదటి చివర బావగారు పనిచేస్తారు, రెండో చివర నేను కదలకుండా పట్టుకోవాలి. చిన్నపనేం కాదు. దోమ మూతి మీద వాలినా తుమ్మకూడదు. నా లెక్కన ఆ విమానంలో లక్షా ముప్ఫైవేల రివిట్లున్నాయి. బావగారు పదకొండు వందలంటారు. ఆయన లెక్క మీద నాకు నమ్మకం లేదు.

రెక్కలకి గుడ్డ తొడిగిన వారమే ఆ మూడేళ్ళలోనూ పండగ. అస్థిపంజరంలా ఉన్న గొట్టాల మీద పల్చటి గుడ్డ లాగి అంటించి, దాని మీద వేడి ఇస్త్రీపెట్టె నడిపిస్తే గుడ్డ ముడుచుకుని డోలు చర్మంలా బిగుసుకుంటుంది. మరీ వేడెక్కితే చిల్లు. బావగారు రాజోలు నించి ఇస్త్రీ ఆయన్ని పిలిపించి, వేడి కొలిచే మీటరొకటి చేతికిచ్చేరు. ఆయన మీటరుని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకుని, వేలు తడిపి పెట్టెకి తాటించి, "సరిపోయిందండి" అన్నాడు. తరవాత కొలిస్తే పుస్తకంలో రాసినంతే ఉంది. మొత్తం అయ్యాక ఒక్కటే సందేహం అడిగేడు: "బాబుగారూ, మడత ఎటేపు పెట్టమంటారండి?"

వచ్చిన వాళ్ళందరిలోనూ విమానానికి ఒక్క గ్రాము కూడా కలపకుండా వెళ్ళిన పుణ్యాత్ముడు ఆయనొక్కడే. ఆయనకి ఇక్కడే దణ్ణం పెట్టి, మిగతావాళ్ళ సంగతికొస్తాను.

ముందు షెడ్డు పెద్దాయన. రోజూ పొద్దున్న తన రాశి చూసుకుని, అటునించి మా విమానం చూసుకునేవారు. ఓ రోజు చేతికర్రతో రెక్క కింద నించి సీట్ల మీదకి చూపిస్తూ, "అంతా బావుందయ్యా. నెత్తి మీద ఎండ పడదూ?" అన్నారు.

"రెక్క నీడుంటుందండి" అన్నారు బావగారు.

"సాయంత్రం ఎండ పక్కనించి గదా కొడతాది."

ఇదిగో, ఇక్కడ అనొచ్చు కదండీ, పెద్దాయనా, ఇది విమానమండీ, అరుగు కాదండీ అని. షెడ్డు ఇచ్చిన మనిషితో ఎలా అంటారు? "ఆయ్, నిజమేనండి" అన్నారు. మర్నాటికి ఓ రేకు వచ్చింది. పశువుల పాకకి మిగిలిన రేకు. పక్కకి వాలుగా బిగించేం.

రెండోవారు మాస్టారు. బావగారికి ఆరో తరగతి నించి లెక్కలు చెప్పిన రిటైర్డు హెడ్మాస్టరు గారు. ప్రతి ఆదివారం చర్చి కాగానే తెల్లచొక్కాతో తిన్నగా షెడ్డుకి వచ్చి, విమానం కోసం ఓ చిన్న ప్రార్థన చేసి, ఆ తరవాత లోపాలు ఎంచేవారు. "ఎదరనించి ఇంకోటి వస్తే వాడికి తెలిసేదెలాగరా?" అన్నారో రోజు. కోనసీమ ఆకాశంలో ఎదురొచ్చే రెండో విమానం ఎక్కడుందండీ? కొంగలున్నాయి. అయినా మాస్టారు తన ట్యూషన్ గదిలో ముప్ఫయ్యేళ్ళు కొట్టిన ఇత్తడి గంటని గుడ్డలో చుట్టి, పసిపిల్లని ఇచ్చినట్టు రెండు చేతుల్తో ఇచ్చేరు. దాన్ని కాదంటే ఆ చేతులు ఎక్కడ పెట్టుకుంటారు? బిగించేం.

మూడోది మా అక్క. ఖాళీ కడుపుతో ఆకాశంలోకి వెళ్ళేవాళ్ళు ఆవిడ వంశంలో లేరట. జంతికల డబ్బాకో బందు, మంచినీళ్ళ బిందెకో బందు, నడుం నొప్పి రాకుండా కొబ్బరిపీచు పరుపు ముక్కలు రెండు.

వీళ్ళందరినీ మించినవారు నాలుగోవారు, సఖినేటిపల్లి రేవులో పడవలు కట్టే మేస్త్రీ గారు. నాటుపడవ నించి ఇంజను పడవ దాకా ఆయన చెయ్యి పడనిది ఆ ఒడ్డున లేదు. గొట్టాలు వంచడానికి చెక్క అచ్చులు కావాలంటే వచ్చేరు. అచ్చులు చేసిచ్చి వెళ్ళిపోవచ్చు గదా! విమానం కింద దూరి, వెల్లకిలా పడుకుని, పావుగంట చూసి, బయటికొచ్చి తువ్వాలు దులుపుకుంటూ అడిగేరు: "అడుగేదండి దీనికి?"

"అడుగుండదండి. గొట్టాలు, పైన పల్చటి రేకు, అంతేనండి" అన్నారు బావగారు.

"గోదారి దాటుతారా, దాటరా?"

"దాటుతామండి."

"గోదారి దాటేదానికి అడుగు లేదా?" మేస్త్రీ గారి మొహంలో చిన్నపిల్లని చలిలో బట్టల్లేకుండా చూసిన జాలి. "తవరు ఏవీ అనకండి. నేను చూసుకుంటానండి."

చూసుకున్నారు. టేకు బల్ల. పడవ అడుక్కి వేసినట్టు నునుపు తీసి, సందుల్లో నూలు కూరి, నీటిచుక్క చొరకుండా గుగ్గిలం పట్టించేరు. ఎగిరేదానికి నీళ్ళు చొరకపోవడమేమిటని నేను గుడ్లురిమేను. ఎవరికేసి ఉరిమేనంటే, షెడ్డు గోడకేసి. మేస్త్రీ గారికేసి ఎలా ఉరుముతానండీ, మా నాన్నగారి వయసు.

ఇంతలో బావగారు రాయలసీమ వైపు ఓ చోట విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. ఢిల్లీ నించి రావలసిన కాయితాలూ వచ్చేయి. ఆ కాయితాల కట్ట బరువు విమానం బరువులో సగం. ఎగరడానికి కొబ్బరిచెట్టు లేని చోటు వెతకడానికే మాకు ఏడాది పట్టింది. చివరికి సముద్రం వైపు ఓ చవిటి పర్ర దొరికింది, గడ్డి కూడా మొలవడానికి మొహమాటపడే నేల. విమానాన్ని పరీక్ష చెయ్యడానికి బావగారికి నేర్పిన మేడం గారు వచ్చేరు. అనంతపురం మనిషి. ములక్కాడలా సన్నం. ఆవిణ్ణి తూకం వేస్తే కళ్ళద్దాలే ఎక్కువ తూగుతాయి.

షెడ్డులో అడుగుపెట్టి, విమానం చుట్టూ ఓసారి తిరిగి, ఆగేరు.

"ఏంది సార్ ఇది? విమానమా, పెండ్లి బండా?"

షెడ్డులో వలుపు చప్పుడు ఆగిపోయింది. మా ఊళ్ళో ఒకరి మొహం మీద ఒకరు అంత సూటిగా మాట్లాడి ఓ తరం దాటింది. ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుని, పక్కకి వాలిన రేకు తనే విప్పి, గోడకి ఆనించేరు. "గాలికి అడ్డం. ఇది ఉంటే నేను ఎక్కను." పక్కనే షెడ్డు పెద్దాయన నించున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూద్దును గదా, ఆయన తల పంకిస్తూ, "ఆయ్, ఇప్పుడు చూడ్డానికి తేలిగ్గా ఉందండి" అంటున్నారు!

అంతేనండీ! అంతే జరిగింది! పిడుగు పడలేదు, షెడ్డు ఖాళీ చెయ్యమనలేదు. నెలల తరబడి మేం మోసిన రేకు ఒక్క ముక్కతో దిగిపోయింది. నాకు సంతోషం వెయ్యలేదు, ఒళ్ళు మండింది.

కొబ్బరి కొట్ల నించి మూడు కాటాలు తెప్పించి మూడు చక్రాల కింద పెట్టించేరు మేడం గారు. తరవాత మనుషుల్ని తూచేరు. నా బరువెంతో ఇక్కడ రాయను, రాస్తే కాయితం చిరుగుతుంది. ఆవిడ కాయితం మీద కూడి, తీసి, మళ్ళీ కూడి చెప్పేరు. నేనుగానీ బావగారుగానీ ఒక్కళ్ళం ఆవిడ పక్కన ఎగరడానికి ఇబ్బంది లేదు. ఇద్దరం ఎక్కితే హద్దు దాటుతుంది, ముప్ఫయ్యెనిమిది కిలోలు.

"బల్ల, గంట, డబ్బాలు, పరుపులు. ఇవన్నీ లోపల, కింద ఉండాయి, గాలికి అడ్డం లేవు. బరువే. ఇవి పీకేస్తే ఈ సార్ ఎక్కొచ్చు. పీకకపోతే సార్ దిగాల. వారం టైం. మీరే తేల్చుకోండి."

బావగారు నాకేసి చూసేరు. ఆ చూపు నాకు తెలుసు. 'కుదరదు' అనే పని నా నెత్తిన పెడుతున్నారు. సరే, నా సీటు. నేనే వెళ్తాను. నేనేం భయపడతానా? నాలుగు పత్రికల్లో వ్యాసాలు రాసి నలుగుర్ని ఉతికి ఆరేసిన వాణ్ణి.

ముందు మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళేను. రేవు ఒడ్డున పడవ పక్కన బాడిసె పట్టుకుని ఉన్నారు. దారంతా మాటలు కూర్చుకున్నాను. "మేస్త్రీ గారూ, ఆ బల్ల విషయం మాట్లాడదామని వచ్చేనండి."

ఆయన మొహం వెలిగిపోయింది. "తెలుసండి! బావగారు చెప్పేరా? నేను తవరికోసమే చూస్తన్నానండి." పడవ నీడలోంచి ఓ బల్ల తీసేరు. పసుపురంగు టేకు, అద్దంలా నునుపు. "తవరు భారీ మనిషి గదండి. తవరి సీటు కింద గొట్టాలు ఆనతాయో లేదోనని నాలుగు రోజుల్నించి నాకు నిద్రలేదండి. ఇది తవరి సీటు కిందకండి. చెయ్యేసి చూడండి."

చెయ్యేసి చూసేను. వెన్నలా ఉంది. నన్ను దింపేసే బల్ల నా కోసమే చిత్రిక పట్టేరు.

"ఎలాగుందండి?"

"ఆయ్, చాలా బావుందండి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నేనే విన్నాను. బల్ల భుజానెత్తుకుని ఎండలో నడుస్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్న తిట్లు అచ్చు వెయ్యడానికి వీల్లేనివి. మాస్టారింటికి వెళ్తే, "వచ్చేవా, మంచిపని చేసేవురా. గంటిచ్చేను గానీ కొట్టడానికి సుత్తి ఇవ్వడం మర్చిపోయేను" అని చెక్కసుత్తి చేతిలో పెట్టేరు. కాఫీ కూడా ఇచ్చేరు. కాఫీ తాగేక 'కుదరదు' అనే చట్టం ఏ దేశంలోనూ లేదు. ఇహ మిగిలింది అక్క. సొంత అక్కతో మొహమాటమేమిటని గట్టిగా దెబ్బలాడేను. ఆవిడ చీరకొంగు కళ్ళకద్దుకుని, "నువ్వెక్కుతావనేరా డబ్బా పెద్దది పెట్టేను, ఆయన తింటారా పెడతారా" అంది. జంతికలు అక్కడే సగం తినేసి, మొత్తం మీద నేను తగ్గించిన బరువు అదే అనుకున్నాను. తిన్నవాణ్ణి నేనే గనక అది కూడా తగ్గలేదు.

వారం తిరిగేసరికి చవిటి పర్ర మీద తిరణాలలా జనం. మేడం గారు కాటాలు చూసి, నాకేసి చూసి, మళ్ళీ కాటాలు చూసేరు. "సార్, తగ్గించమంటే పెంచుకోనొచ్చినారే!"

పక్కనే మేస్త్రీ గారు కొత్త చొక్కాలో, మాస్టారు తెల్లచొక్కాలో, షెడ్డు పెద్దాయన కుర్చీలో.

బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "బావా, నువ్వెక్కు. మేడం గారు నడుపుతారు, నేను కిందనుంటాను. నా తరవాత మూడేళ్ళు దీన్ని మోసింది నువ్వే." ఇరవయ్యారేళ్ళు ఇసకలో బతికి, కట్టుకున్న విమానం. ఆ సీటు నాకిచ్చేస్తున్నారు. నిజంగానే ఇచ్చేస్తున్నారు.

నేనేం చెయ్యాలండీ? కూచోవాలా?

"పర్లేదండి బావగారూ, తవరు ఎక్కండి. నేను తరవాత ఎక్కుతాను" అన్నాను. యాభై రెండేళ్ళుగా బస్సుల్లో అంటున్న మాటే. నాలిక దానంతటదే తిరిగింది.

ముందు మేడం గారు ఒక్కరే ఎగిరి, దిగి, బాగుందన్నారు. తరవాత నా వంతు సీటుకేసి చూపించి, "ఇది కూడా తీసేయండి. ఖాళీ సీటు దండగ బరువు" అన్నారు. నాలుగు బోల్టులు. బిగించినప్పుడు రెండో చివర పట్టుకున్నవాణ్ణి నేనే. విప్పినప్పుడూ నేనే.

బావగారు ఎగిరేరు. పర్ర చివరిదాకా పరిగెత్తి, ఇహ లేవదేమో అనుకున్నంతలో, చక్రాలకీ నేలకీ మధ్య వెలుతురు కనిపించింది. తరవాత కొబ్బరిచెట్ల తలల మీద. తరవాత గోదారి వైపు. జనం గొంతులు పగిలేలా అరిచేరు. మేస్త్రీ గారు నా జబ్బ పట్టుకుని, "అదిగోనండి, నా బల్ల! కింద పసుప్పచ్చగా మెరుస్తంది చూడండి!" అంటున్నారు. మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గంట కోసం వింటున్నారు. ఇంజను హోరులో పిడుగు కూడా వినపడదు, అయినా వినపడిందన్నారు. అక్క డబ్బా గురించి అందరికీ చెబుతోంది. ఆ ఆకాశంలో అందరిదీ ఏదో ఒకటి ఉంది. నేను పట్టుకున్న రెండో చివరలు కూడా ఉన్నాయి, గానీ వాటిని కింద నించి ఎవరికి చూపిస్తాం?

"అన్నట్టు తవరెక్కలేదేటండి?" అన్నారు మేస్త్రీ గారు, అప్పుడే గమనించినట్టు.

"తరవాతండి" అన్నాను.

సాయంత్రం సీటుని నెత్తిన పెట్టుకుని రేవుకి వచ్చేను. షెడ్డులో వదిలేస్తే దాని మీద కాయలు పోస్తారు. పంటు మీద బల్లలన్నీ నిండిపోయేయి. అయితేనేం? నా సీటు నా దగ్గరుంది. పంటు మధ్యలో దించి, పీచు పరుపు సర్ది, దర్జాగా కూచుని, నడుంకి బెల్టు కూడా పెట్టుకున్నాను. పంటు కదిలింది. గోదారి గాలి మొహానికి కొట్టింది. పైకి చూసేను. మూడేళ్ళుగా అక్కడినించి కిందకి చూడాలనుకున్న చోటది. ఖాళీగా ఉంది. కోపం పొంగుకొచ్చింది. ఈసారి ఎవరొచ్చినా లేవనని ఒట్టు పెట్టుకుంటున్నాను.

చేపలబుట్ట దించుకుని ఓ ముసలమ్మ నా పక్కన నించుంది. ఏమీ అనలేదు. మోకాలు పట్టుకుని ఓసారి నిట్టూర్చింది.

బెల్టు విప్పడానికి కొంచెం టైం పట్టింది, కొత్తది కదా.

ఆవిడ కూచుని, అటూ ఇటూ కదిలి చూసుకుని, "మెత్తగుంది బాబూ. చెయ్యి ఆనుకోటానికి ఈ పక్కనో చెక్క పెట్టించరాదా?" అంది.

"అలాగేనమ్మా, పెట్టిస్తాను" అన్నాను, నించుని.